విద్యార్థి నాయకత్వం – సంవాద సంప్రదాయం: కొయ్యూరు వైపు నుంచి ఒక పరిశీలన

విశ్వవిద్యాలయాలలో సామరస్యాన్ని గురించి ఈ మధ్య ఉపన్యాసాలు ఎక్కువయ్యాయి. విద్యార్థి నాయకులు ఆందోళనలు కట్టిపెట్టి అధికారులతోనూ, తమతో ఏకీభవించని తోటి విద్యార్థులతోనూ నిర్మాణాత్మకమైన సంవాదం సాగించాలని పెద్దలు బోధిస్తున్నారు. మాట మంచిదే. ఎవరు, ఎవరితో, ఏ హోదాలో మాట్లాడాలి? మాట్లాడిన తర్వాత నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుంది? ఈ ప్రశ్నల దగ్గరకు వచ్చేసరికి ఆ పెద్దలు మౌనం వహిస్తారు. ఇటు మనలో కూడా సంవాదం అనగానే రాజీకి మారుపేరని తోసివేసేవారు లేకపోలేదు. బల్ల దగ్గర కూర్చున్నవాడు పోరాటాన్ని అమ్మివేసినట్టేనని వీరి భావన.

ఈ రెండు అభిప్రాయాలూ చరిత్ర ముందు నిలబడవు. తెలుగుదేశపు విద్యార్థి ఉద్యమ చరిత్రను చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. సంవాదం అధికారులు దయతో ప్రసాదించిన సందర్భాలు బహు తక్కువ. విద్యార్థులు పోరాడి దానిని సాధించుకున్నారు. సాధించుకున్న చోట కూడా, తమను ఎన్నుకున్నవారికి సంజాయిషీ చెప్పుకునే నాయకత్వం ఉన్నప్పుడే అది ఫలించింది. ఆవరణలో అందరికన్నా చిన్న గొంతు గలవాడు ఆ సంవాదంలో నోరు విప్పగలిగాడా లేదా అన్నదే దాని విలువకు అసలైన కొలత. ఈ కొలతను విశ్వవిద్యాలయం లోపల నిలబడి చూడటం కన్నా, దానికి దూరంగా, కొయ్యూరు వంటి చోట నిలబడి చూడటం మేలు.

కొయ్యూరు విశాఖ మన్యంలోనిది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో నేడు అదొక మండల కేంద్రం. అక్కడి భగత, కొండదొర, కోదు కుటుంబాల పిల్లవాడు చదువుకోసం కొండ దిగి నర్సీపట్నం దారి పడతాడు. అంతకన్నా పైచదువు కావాలంటే విశాఖ చేరాలి. అంటే విశ్వవిద్యాలయం అతనికి సొంత ఊరి సంస్థ కాదు, పరాయిదేశం వంటిది. అయితే కొయ్యూరును గీటురాయిగా తీసుకోవడానికి కారణం ఈ దూరం ఒక్కటే కాదు. వినే నాథుడు లేనప్పుడు ఏం జరుగుతుందో ఆ ఊరి చరిత్రే చెబుతుంది.

1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత మన్యవాసుల పోడు సేద్యం మీదా, కలప, మేత, వంటచెరకు మీదా ఆంక్షలు బిగిశాయి. నర్సీపట్నం నుంచి పైకి వేసిన రోడ్ల పనికి గిరిజనులను బలవంతంగా తోలి, చాలీచాలని కూలి ఇచ్చేవారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ దౌర్జన్యం ఆ ప్రాంతమంతటా పేరుమోసింది. అక్కడి ముఠాదారులకూ, రైతులకూ ఫిర్యాదు చెప్పుకునే చోటు లేదు. చెప్పుకున్నా, ఎవరి మీద చెప్పుకున్నారో వారి దగ్గరికే ఆ కాగితం విచారణకు తిరిగివచ్చే పరిపాలన అది. సానుభూతి గల అధికారులు అసలే లేరనలేము. పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లాఖాన్ సీతారామరాజు పట్ల ఆదరం చూపినవాడే. కాని ఒక మంచి అధికారి సానుభూతి, ప్రజలు హక్కుగా మాట్లాడగల ఏర్పాటుకు ప్రత్యామ్నాయం కాజాలదు. ఆ అధికారి బదిలీ అయితే సానుభూతి కూడా బదిలీ అవుతుంది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడులు జరిగాయి. సుమారు రెండేళ్ళ పోరాటం తర్వాత 1924 మే 7న సీతారామరాజును మంప దగ్గర పట్టుకుని కొయ్యూరు తీసుకువచ్చారు. అక్కడ విచారణ అన్నది లేకుండా మేజర్ గుడాల్ పర్యవేక్షణలో కాల్చిచంపారు. వినడానికి నిరాకరించిన పాలన చివరకు న్యాయస్థానం ఎదుట ఒక్క మాట చెప్పుకునే అవకాశం కూడా ఇవ్వలేదు. సంవాదానికి పూర్తిగా తలుపు మూసినప్పుడు పాలకుల చేతిలో మిగిలే సాధనం ఏమిటో కొయ్యూరు చూసింది.

ఈ చరిత్రలో విద్యార్థి నాయకులు తప్పక గమనించవలసిన ఒక చిన్న వివరం ఉన్నది. చింతపల్లి స్టేషనులో ఆయుధాలు తీసుకున్న సీతారామరాజు, ఏమేమి తీసుకున్నదీ స్టేషను పుస్తకంలోనే రాసి సంతకం చేశాడు. దీనిని వీరగాథలోని అలంకారంగా చూసి ఊరుకోరాదు. తాను చేసిన పనికి తానే బాధ్యుడనని బహిరంగంగా ఒప్పుకున్న నాయకత్వం అది. ముసుగు వేసుకుని రాళ్ళు విసిరించి, మరునాడు నాకేమీ తెలియదనే నాయకత్వానికీ, దీనికీ ఎంత దూరమో వేరే చెప్పనక్కరలేదు.

రెండవ వివరం దీనికి తరువాయి వంటిది. సీతారామరాజు ముఖ్య అనుచరుడు గాము మల్లుదొర పట్టుబడి, అండమాన్ శిక్ష అనుభవించి బయటకు వచ్చాడు. 1952 మొదటి సార్వత్రిక ఎన్నికలలో విశాఖపట్నం స్థానం నుంచి అతడే లోక్‌సభకు ఎన్నికయ్యాడు. గూడెం తహసీల్దారు కచేరీలో మాట చెల్లనివాడు, ప్రజలు ఓటు వేసేసరికి ఢిల్లీలో కూర్చునే హక్కు పొందాడు. మనిషి అతడే. మారినది అతని వెనుకనున్న బలమూ, ఆ బలానికి లభించిన రూపమూ. సంవాదానికి ఈ రెండూ కావాలి. విశ్వవిద్యాలయాల సంగతి కూడా ఇంతే.

తెలుగునాట కళాశాల ఆవరణలో ఈ ప్రశ్న మొదట గట్టిగా తలెత్తినది 1907లో, రాజమహేంద్రవరంలో. ఆ ఏడాది బిపిన్ చంద్రపాల్ కోస్తా జిల్లాలలో పర్యటించాడు. రాజమహేంద్రవరంలో ఆయన ఉపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగు చేసి వినిపించాడు. విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు ధరించి తరగతులకు వెళ్ళారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ వారిని పిలిచి, మీ అభిప్రాయమేమిటని అడిగి ఉండవచ్చు. అలా అడగలేదు. శిక్షలు వేశాడు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుతూ ముందు నిలబడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావును కళాశాల నుంచి వెళ్ళగొట్టారు.

ఆ తర్వాత హరిసర్వోత్తమరావు ఏమి చేశాడన్నదే మనకు ముఖ్యం. 1908లో బెజవాడ నుంచి ‘స్వరాజ్య’ పత్రిక నడిపి, రాజద్రోహ నేరం మీద జైలుకు వెళ్ళాడు. బయటకు వచ్చాక జీవితంలో పెద్దభాగం గ్రంథాలయోద్యమానికీ, వయోజన విద్యకూ అంకితం చేశాడు. కళాశాలలో నోరు నొక్కివేయబడిన విద్యార్థి, ఊరూరా నలుగురు కూర్చుని చదువుకుని మాట్లాడుకునే చోట్లు కట్టడానికి పూనుకున్నాడు. విద్యార్థి నాయకుని పాత్ర పట్టాతోనో, బహిష్కరణతోనో ముగిసిపోదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. మాట్లాడే చోటు లేనప్పుడు ఆ చోటును నిర్మించడం కూడా నాయకత్వమే.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి. ఉప్పు సత్యాగ్రహ కాలపు ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆయన పదవికి రాజీనామా ఇచ్చిన సంగతి ప్రసిద్ధమే. 1931లో వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉదారవాదియే గాని విప్లవవాది కాడు. అయినా ఆయన కాలంలో వాల్తేరుకు బోధకులుగా వచ్చినవారిలో హుమాయూన్ కబీర్ ఉన్నాడు. 1934–35లో చరిత్ర, రాజనీతిశాస్త్రాలు బోధించిన హీరేన్ ముఖర్జీ ఉన్నాడు. ఈ హీరేన్ ముఖర్జీయే తర్వాతి కాలంలో కమ్యూనిస్టు పార్లమెంటేరియనుగా పేరుపొందాడు. భిన్నాభిప్రాయాలు గల అధ్యాపకులు ఒకే ఆవరణలో ఉండటం విద్యార్థులకు తొలి పాఠం. అధ్యాపకుడు తన అభిప్రాయం చెప్పడానికి జంకే చోట, విద్యార్థి నాయకుడు ఎదిరి అభిప్రాయం వినడం నేర్చుకోలేడు. ఈ బాధ్యతను ఉపాధ్యాయ మిత్రులు తమదిగా గుర్తించవలసి ఉన్నది.

1936 ఆగస్టులో లక్నోలో అఖిల భారత విద్యార్థి సమాఖ్య స్థాపన మహాసభ జరిగింది. దానిని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించగా, మహమ్మదాలీ జిన్నా అధ్యక్షత వహించాడు. తర్వాతి పదకొండేళ్ళలో ఉపఖండం ఎటు నడిచిందో తెలిసిన మనకు ఈ దృశ్యం వింతగా తోస్తుంది. కాని ఆనాటి విద్యార్థులు పెద్దలిద్దరినీ ఒకే వేదిక ఎక్కించగలిగారు. పెద్దలు విడిపోయినా విద్యార్థులు కలిసి మాట్లాడుకునే వేదిక ఉండాలన్న ఆశ ఆ సమాఖ్య పుట్టుకలోనే ఉన్నది. ఆ ఆశకు తెలుగు నేల మీద కఠిన పరీక్ష ఎదురైనది హైదరాబాదులో.

ఉర్దూ బోధనాభాషగా 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం భారతీయ భాషలో ఉన్నత విద్య నేర్పవచ్చునని నిరూపించిన సంస్థ. అదే సమయంలో అది నిజాం ప్రభుత్వ సంస్థ. సంస్థానంలో అధిక సంఖ్యాకుల మాతృభాషలైన తెలుగు, మరాఠీ, కన్నడాలకు అక్కడ బోధనాభాష స్థానం లేదు. 1938 నవంబరులో హాస్టలు ప్రార్థన గదిలో విద్యార్థులు వందేమాతరం పాడటాన్ని అధికారులు నిషేధించారు. సమ్మె మొదలయి సంస్థానంలోని ఇతర కళాశాలలకు పాకింది. వందలాది విద్యార్థులను బహిష్కరించారు. వైస్ ఛాన్సలర్ టి. జె. కేదార్ చొరవతో నాగపూరు విశ్వవిద్యాలయం వారికి తలుపు తెరిచింది. అలా నాగపూరు వెళ్ళినవారిలో పి. వి. నరసింహారావు ఒకడు.

ఈ సమ్మె నిరంకుశత్వాన్ని ఎదిరించిన వీరోచిత ఘట్టమనడంలో సందేహం లేదు. అయినా విమర్శనాత్మకంగా చూడవలసినది మరొకటి ఉన్నది. వందేమాతర గీతంలోని కొన్ని చరణాల మీద ముస్లిముల అభ్యంతరాన్ని పరిగణించి, 1937 అక్టోబరులోనే కాంగ్రెస్ కార్యవర్గం మొదటి రెండు చరణాలు మాత్రమే పాడాలని నిర్ణయించింది. అంటే ఆ పాట విషయంలో తోటివారితో మాట్లాడుకోవలసినది ఉన్నదని జాతీయోద్యమమే ఒప్పుకున్నది. నిజాం అధికారులు ఆ మాటకు అవకాశమివ్వలేదు. నిషేధం వేసి, విద్యార్థుల మధ్య జరగవలసిన చర్చను ప్రభుత్వానికీ, ఒక వర్గం విద్యార్థులకూ మధ్య తగాదాగా మార్చారు. దీని ఫలితంగా ముస్లిం విద్యార్థులలో అధికభాగం ఈ పోరాటానికి బయటనే ఉండిపోయారు. నిషేధం ఎప్పుడూ చేసే పని ఇదే. అది నోళ్ళు మూయించడంతో ఆగదు. కలిసి మాట్లాడుకోవలసినవారిని విడదీస్తుంది.

ఈ చీలికను పూడ్చే పని తర్వాతి తరం విద్యార్థుల మీద పడింది. 1940 ప్రాంతంలో హైదరాబాదు నగరంలో ఏర్పడిన కామ్రేడ్స్ అసోసియేషనులో మఖ్దూం మొహియుద్దీన్, ఆలం ఖుంద్‌మీరీ, రాజబహదూర్ గౌర్, జవాద్ రజ్వీ, ఓంకార్ ప్రసాద్ వంటివారు ఒకచోట చేరారు. ఉర్దూ కవి, వైద్య విద్యార్థి, తత్త్వశాస్త్రం చదివినవాడు, హిందువు, ముస్లిము – వీరు కలిసి చదువుకుని, వాదించుకుని, ఒక అభిప్రాయానికి రావడం ఆనాటి హైదరాబాదులో చిన్న విషయం కాదు. ఆల్ హైదరాబాద్ స్టూడెంట్స్ యూనియన్ మతభేదం లేకుండా విద్యార్థులను సమీకరించింది. ఏ పాట పాడాలన్న తగాదా నుంచి ఫీజులు, పౌరహక్కులు, బాధ్యతాయుత ప్రభుత్వం వంటి ఉమ్మడి సమస్యల వైపు చర్చ మళ్ళింది. పాట సమస్య పరిష్కారమయిపోయిందని దీని అర్థం కాదు. ఉమ్మడి జీవితంలోని సమస్యలు ముందుకు వచ్చినప్పుడు, విడదీసే సమస్యలను గురించి కూడా శత్రుత్వం లేకుండా మాట్లాడుకోవడం సాధ్యమవుతుంది. విద్యార్థి నాయకుడు చర్చకు ఏ విషయాన్ని ముందు పెడతాడన్నదానిపై ఎంతో ఆధారపడి ఉంటుంది.

ఇక విశాఖ సంగతి. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదం వాల్తేరు ఆవరణ నుంచి వీధులకు పాకింది. అక్టోబరు 15న టి. అమృతరావు నిరాహారదీక్ష ఆరంభించాడు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా 32 మంది ఈ ఉద్యమంలో అసువులు బాశారని చెప్పుకుంటాము. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారం ప్రకటించింది. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. విద్యార్థులు, కార్మికులు, అన్ని పక్షాల నాయకులు ఒక్క కోర్కె మీద నిలబడితే ఢిల్లీ కూడా వినక తప్పదని ఈ ఉద్యమం రుజువు చేసింది. ఆవరణ గోడ దాటి ప్రజల మధ్యకు వెళ్ళిన విద్యార్థి నాయకత్వానికి ఇది గర్వించదగిన అధ్యాయం.

అయితే ఈ ఐక్యతలో ఎవరి గొంతు వినబడలేదని కూడా అడగాలి. కర్మాగారం కోసం భూములు ఇచ్చి, ఊళ్ళు ఖాళీ చేసిన రైతుకూలీలు తర్వాత దశాబ్దాల తరబడి నిర్వాసితులుగా ఉద్యోగాల కోసం తిరుగుతూనే ఉన్నారు. ‘ఆంధ్రుల హక్కు’ అన్నప్పుడు ఆ ఆంధ్రులలో తామెక్కడ ఉన్నామని వారు అడిగితే సమాధానం చెప్పగల ఏర్పాటు ఉద్యమానికి లేకపోయింది. పెద్ద నినాదం కింద చిన్న గొంతు అణగిపోవడం ప్రభుత్వ పరిపాలనలో మాత్రమే జరిగేది కాదు. ఉద్యమాలలోనూ జరుగుతుంది. మెజారిటీ ఎటున్నదో చూసి నడవడంతో నాయకుని పని తీరదు. ఆ మెజారిటీ చూపుకు ఆనని మనిషి ఎవరని వెదకడం కూడా అతని పనే.

తర్వాతి దశాబ్దాలలో ఆవరణలలో సంవాదం కుంటుపడింది. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా ఆవరణలో జార్జిరెడ్డి హత్య జరిగింది. అతడు భౌతికశాస్త్రంలో బంగారు పతకం పొందిన విద్యార్థి, వామపక్ష నాయకుడు. వాదనకు వాదనతో జవాబివ్వలేనివారు కత్తికి పని చెప్పిన సందర్భం అది. ఆ తర్వాత సంఘాల మధ్య ఘర్షణలలో ఇంకా రక్తం చిందింది. దౌర్జన్యానికి ఆత్మరక్షణ అవసరమైన ఘట్టాలు ఉన్నాయి, కాదనలేము. కాని ఎన్నికలంటే కండబలమూ, డబ్బూ అన్న దుస్థితి రావడంలో అన్ని పక్షాలకూ కొంత పాలు ఉన్నది. దీనిని సాకుగా తీసుకునే పాలకులు విద్యార్థి సంఘాల ఎన్నికలకు స్వస్తి చెప్పారు. ఆంధ్ర, ఉస్మానియా వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో దశాబ్దాలుగా ఎన్నికైన విద్యార్థి సంఘం లేదు. పొలంలో కలుపు మొలిచిందని పొలాన్నే బీడు పెట్టినట్టయింది.

కలుపు తీసే మార్గం లేకపోలేదు. సుప్రీంకోర్టు ఆదేశాలపై జె. ఎం. లింగ్డో అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 22న కోర్టు దాని సిఫార్సులను అమలు చేయమన్నది. విద్యాసంవత్సరం మొదలయిన ఆరు నుంచి ఎనిమిది వారాలలో ఎన్నికలు జరగాలని, ఒక్కొక్క అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటరాదని, అభ్యర్థికి 75 శాతం హాజరు ఉండాలని ఆ సిఫార్సులు చెబుతాయి. కార్యవర్గ పదవికి ఒక విద్యార్థి ఒక్కసారే పోటీ చేయాలన్న నిబంధన మీదా, వయోపరిమితి మీదా మనకు అభ్యంతరాలు ఉండవచ్చు. నాయకునికి అనుభవం వచ్చేసరికి పదవి ముగిసిపోతుందన్న విమర్శలో న్యాయమున్నది. అయినా ఎన్నిక ఉండవలసిందేనన్న సూత్రాన్ని దేశపు అత్యున్నత న్యాయస్థానమే ఒప్పుకున్న తర్వాత, మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలు మౌనంగా ఉండటానికి ఏ సమర్థనా లేదు.

ఎన్నిక ఒక్కటి ఉంటే అన్నీ చక్కబడతాయా? హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘ ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి. 2015 డిసెంబరులో అక్కడ అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ళ నుంచి వెలివేశారు. పరిపాలన భవనంలో అడుగుపెట్టరాదనీ, విద్యార్థి సంఘ ఎన్నికలలో పాల్గొనరాదనీ కూడా ఆంక్ష పెట్టారు. వారు ఆరుబయట గుడారం వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు. 2016 జనవరి 17న వారిలో ఒకడైన రోహిత్ వేముల ప్రాణాలు కోల్పోయాడు. ఆ ఆంక్షలను మళ్ళీ చదివితే పడుకునే చోటుతో పాటు మాట్లాడే చోట్లన్నీ ఒక్కటొక్కటిగా మూసివేశారని తెలుస్తుంది. ఆ పేరు పెట్టుకోవడంలోనే వారి విమర్శ అంతా ఉన్నది. ఎన్నికల పెట్టె ఉండి కూడా వెలివాడ ఉండవచ్చు. కాబట్టి ఎన్నిక అవసరమే గాని, అది మాత్రమే చాలదు.

2023లో విశ్వవిద్యాలయాల గ్రాంట్స్ కమిషన్ విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి కొత్త నిబంధనలు తెచ్చింది. ప్రతి సంస్థలో ఒక కమిటీ ఉండాలన్నది. అందులో ఒక మహిళకూ, వెనుకబడిన తరగతుల నుంచో, షెడ్యూల్డు కులాలు, తెగల నుంచో ఒకరికీ స్థానం ఉండాలన్నది. పాత అలసత్వం కన్నా ఇది మెరుగే. అయితే ఆ కమిటీలో విద్యార్థి స్థానం ఏమిటో చూడండి. అతడు ఎన్నికైనవాడు కాడు. చదువులోనో, ఆటలలోనో, ఇతర కార్యక్రమాలలోనో ప్రతిభ చూపినవాడని అధికారులు నియమించే ‘ప్రత్యేక ఆహ్వానితుడు’. కమిటీ కోరంలో అతడు లెక్కకు రాడు. అంటే అతడు రాకపోయినా సమావేశం జరుగుతుంది, వచ్చినా జరుగుతుంది. మార్కులు బాగా తెచ్చుకున్నవాడు తోటివారి కష్టాలు చెప్పలేడని కాదు. తనను పంపినది తోటివారు కానప్పుడు, తిరిగి వచ్చి వారికి సంజాయిషీ చెప్పవలసిన బాధ్యత అతనికి ఉండదు. సంవాదానికి ప్రాణమైన ఆ తిరుగు ప్రయాణం ఇక్కడ తెగిపోయింది.

ఇప్పుడు కొయ్యూరు పిల్లవాని వద్దకు వద్దాం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సీటు దొరుకుతుంది. 2019లో విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. ప్రవేశం లభించింది, సంతోషించదగినదే. కాని ప్రవేశం వేరు, ప్రాతినిధ్యం వేరు. హాస్టలు బిల్లు, ఉపకారవేతనం ఆలస్యం, కుల ధ్రువీకరణ పత్రం, తరగతిలో తన యాసకు ఎదురయ్యే నవ్వు – ఇవి అతని రోజువారీ సమస్యలు. వీటిని గురించి జరిగే సభలో అతడు వెనుక వరుసలో కూర్చుంటాడు. తనకన్నా ధాటిగా మాట్లాడే నాయకుడు తన తరఫున మాట్లాడి చప్పట్లు కొట్టించుకుంటాడు.

ఒక ఉదాహరణ చాలు. షెడ్యూల్డు ప్రాంతాల పాఠశాలలలో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మూడవ నంబరు జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దానిని కొట్టివేసింది. ఇది కొయ్యూరు పట్టభద్రునికి జీవన్మరణ సమస్య. కొండమీది బడికి ఆ బిడ్డల భాష తెలిసిన పంతులు వస్తాడా రాడా అన్న సమస్య కూడా. నూరు శాతం కేటాయింపు రాజ్యాంగబద్ధమా కాదా అన్నదానిపై నిజాయితీగా భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. గిరిజనేతర విద్యార్థికి తన నిరుద్యోగ బాధ తనకున్నది. న్యాయశాస్త్రం, విద్యాశాస్త్రం, చరిత్ర, భాషాశాస్త్రం బోధించే శాఖలన్నీ విశ్వవిద్యాలయంలోనే ఉన్నాయి. ఇటువంటి సమస్య మీద కొండ విద్యార్థినీ, మైదాన విద్యార్థినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి లెక్క ఒకరికి వినిపించగలిగినవాడే నిర్మాణాత్మక సంవాదానికి నాయకుడు. అది జరగనిచోట ఒకరు ధర్నా చేస్తారు, మరొకరు లోలోన విసుక్కుంటారు. ఇద్దరినీ నిరుద్యోగులుగా ఉంచిన విధానం మాత్రం క్షేమంగా ఉంటుంది.

ఇంతవరకు చెప్పుకున్న చరిత్ర నుంచి విద్యార్థి నాయకునికి మూడు బాధ్యతలు తేలుతున్నాయి. మొదటిది ప్రాతినిధ్యం. అతడు సభ అనుమతితో అధికారుల వద్దకు వెళ్ళాలి, అక్కడ ఏమి మాట్లాడినదీ తిరిగి వచ్చి సభకు చెప్పాలి, తన పేరుతో సంతకం చేయాలి. చాటుగా కుదిరిన ఒప్పందం ఎంత లాభకరమైనదైనా సంవాదం అనిపించుకోదు. రెండవది సంధానం. అది మధ్యవర్తి తటస్థత కాదు. తన పక్షాన్ని దాచుకోకుండానే ఎదిరి పక్షానికి పూర్తిగా మాట్లాడే సమయమిచ్చి, తగాదా వెనుకనున్న ఉమ్మడి సమస్యను బయటకు లాగడం. 1940ల హైదరాబాదు విద్యార్థులు చేసినది అదే. మూడవది అన్నిటికన్నా కష్టమైనది. మాట్లాడనివాడిని మాట్లాడించడం. అతని తరఫున మాట్లాడటం సులభం. అతడు మాట్లాడేదాకా తాను ఆగడం కష్టం.

వీటిని ఆచరణలో పెట్టడానికి ప్రభుత్వ ఉత్తర్వుల కోసం ఎదురుచూడనక్కరలేదు. ప్రతి హాస్టలులో నెలకొకసారి సర్వసభ్య సమావేశం జరపవచ్చు. అధ్యక్షస్థానం ఒకరికే అంటిపెట్టకుండా వంతులవారీగా మార్చవచ్చు. మొదటి తరం చదువరులకు, ఆడపిల్లలకు, కొండ విద్యార్థులకు ముందుగా మాట్లాడే అవకాశమివ్వవచ్చు. తీర్మానాలను అందరికీ అర్థమయ్యే తెలుగులో రాసి గోడకు అంటించవచ్చు. ఎవరు దేనికి బాధ్యత వహించారో, వచ్చే నెలలో ఏమి చేశారో అదే గోడ మీద చూపవచ్చు. మెస్ కమిటీకి ఎన్నిక జరపడానికి లింగ్డో నివేదిక కూడా అక్కరలేదు. ఇటువంటి చిన్న ప్రజాస్వామ్యాలలో తర్ఫీదు పొందినవారే రేపు విద్యార్థి సంఘ ఎన్నికలు కావాలని అడిగినప్పుడు, వాటిని కత్తులకూ, కరెన్సీకీ అప్పగించబోమని నమ్మకంగా చెప్పగలుగుతారు.

దీనితో పాటు ఎన్నికల పునరుద్ధరణ కోసం, ఫిర్యాదుల కమిటీలో ఎన్నికైన విద్యార్థికి పూర్తి సభ్యత్వం కోసం పోరాటం సాగించాలి. సంవాదం కోసం పోరాడటంలో వైరుధ్యమేమీ లేదు. తలుపు తెరిపించడానికి పోరాటం కావాలి. తెరిచిన తలుపులో నుంచి లోపలికి వెళ్ళి కూర్చుని, వాదించి, వ్రాతపూర్వకమైన నిర్ణయంతో బయటకు రావడానికి మరొక రకమైన శిక్షణ కావాలి. మన సంఘాలు మొదటిదానిలో అనుభవం గడించాయి. రెండవదానిలో ఇంకా నేర్చుకోవలసినది చాలా ఉన్నది.

వచ్చే సర్వసభ్య సమావేశంలో వెనుక వరుసలో కూర్చున్న కొయ్యూరు విద్యార్థి లేచి, తడబడుతూనే అయినా, తన హాస్టలు బిల్లు సంగతి తానే చెప్పగలిగాడా? చెప్పినది గోడమీది తీర్మానంలో చేరిందా? మరుసటి నెలలో దానికి ఎవరైనా జవాబు చెప్పారా? మన నాయకత్వాన్ని ఈ మూడు ప్రశ్నలు అడుగుదాము. ఉపన్యాసాల కన్నా వీటికి వచ్చే సమాధానాలే మన ఆవరణలలో సంవాదం ఉన్నదో లేదో తేల్చిచెబుతాయి.